కొలత లేని కూలి వార్త

ఎండాకాలం వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పకుండా పడుతుంది. చెరువు గట్టు మీద చెట్టు నీడన ఉపాధి హామీ కూలీలు కూర్చుని ఉంటారు. పక్కన తట్టలు, పలుగులు, పారలు పడి ఉంటాయి. పని వేళ విశ్రాంతి తీసుకుంటున్నారని కింద ఓ ముక్క. అదే దృశ్యం ఇప్పుడు ఫోన్లలో వీడియోగా కూడా తిరుగుతోంది, వెనక కామెడీ సంగీతం అదనం. ఫొటో అబద్ధం కాదు, వాళ్లు నిజంగానే కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో చెప్పాలంటే మాత్రం ఆ పనికి కూలి ఎలా లెక్కగడతారో తెలిసుండాలి.

ఉపాధి పనిలో కూలి గంటలకి కాదు, తవ్విన మట్టికి. పొద్దున్నే మేట్ (కూలీల జట్టు పెద్ద) తాడు పట్టి గుంతకి గుర్తులు వేస్తాడు. పదిమంది జట్టు కలిసి 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు తవ్విందనుకుందాం. మొత్తం 10 ఘనపు మీటర్లు, తలా ఒకటి. ఘనపు మీటరు నేలమట్టి టన్నున్నరకి తక్కువ తూగదు. తట్టకి 20 కిలోల చొప్పున వేసుకున్నా మనిషికి 75 నుంచి 80 తట్టలు. తవ్వి, ఎత్తి, గట్టెక్కి, పోసి రావాలి. మే నెలలో పదకొండు దాటాక ఈ పని చేసే ఒళ్లు ఎవరికీ ఉండదు. అందుకే తెల్లవారి ఆరింటికల్లా దిగి, పదింటికి, పదిన్నరకి ముగిస్తారు. విలేకరి బండి చెరువు దగ్గరికొచ్చేది పదకొండుకి.

పని అయిపోతే ఇంటికి పోవచ్చు కదా అంటారు. 2023 జనవరి 1 నుంచి హాజరు ఎన్ఎంఎంఎస్ అనే ప్రభుత్వ మొబైల్ యాప్‌లోనే వేయాలి. రోజుకి రెండు ఫొటోలు, మొదటిదానికీ రెండోదానికీ నడుమ కనీసం నాలుగు గంటల ఎడం. గుంత పూర్తయినా రెండో ఫొటో దాకా ఉండకపోతే హాజరు చెల్లదు. అంటే ఆ చెట్టు నీడలో కనిపించేది చాలాసార్లు సోమరితనం కాదు, యాప్ గడువు. అలాగని అక్రమాలు లేవని కాదు. ఫొటోకి ఫొటో తీసి ఎక్కించడం, పనికి సంబంధం లేని బొమ్మలు పెట్టడం జరుగుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలను హెచ్చరించింది. కాని ఆ మోసం జరిగేది మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో. నీడన కూర్చున్న మనుషుల ఫొటో దాన్ని పట్టుకోలేదు.

అసలు తగువంతా కొలతలో ఉంటుంది. టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి గుంత కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తాడు. లోతుకి సాక్ష్యంగా మధ్యలో మట్టి దిమ్మలు వదిలిపెట్టాలి. అవి లేకపోతే, కొలిచేలోగా వాన పడి గుంత పూడితే, లోతు అతని అంచనాకే. మెత్తటి ఒండ్రుకి ఒక రేటు, గట్టి నేలకి ఒకటి, గ్రావెల్‌కి ఒకటి. మట్టి మోసిన దూరానికీ, ఎత్తిన ఎత్తుకీ విడిగా అదనం ఉంది. గట్టి ఎర్రనేలను పుస్తకంలో మెత్తనిదని రాస్తే జట్టు మొత్తానికీ కూలి పడిపోతుంది. పలుగు ఎన్నిసార్లు వేశారన్నది పుస్తకానికి తెలియదు. 2025-26కి ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి రూ.307, అంతకు ముందు ఏడాది రూ.300. పత్రికలు ఈ అంకెను రోజుకి ఇచ్చే జీతంలా రాస్తాయి. పనిని రేట్ల ప్రకారం పూర్తిగా కొలిచినప్పుడు వచ్చేది అది. కొలత తగ్గితే కూలీ తగ్గుతుంది. 2025 డిసెంబరులో ఈ పథకం స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టం పార్లమెంటులో పాసైనప్పుడు కూడా చర్చంతా 100 పెద్దదా 125 పెద్దదా అన్నట్టే సాగింది. ఒక రోజు పని అంటే ఎన్ని తట్టలు అన్న ప్రశ్న ఏ చానెల్ డిబేట్‌లోనూ పెద్దగా వినపడలేదు.

శ్రమ గురించి మన మాధ్యమాలు చెప్పేదాంట్లో ఉన్న లోటు ఇదే. ప్రతి పనికీ ఒక కొలత ఉంటుంది: కిలో, చిలప (నూలు చుట్ట), ఘనపు మీటరు, సీజను. కూలి ఆ కొలతకి కడతారు, మోసం జరిగినా అక్కడే జరుగుతుంది, గొడవ పుట్టినా అక్కడే. వార్తలోకీ వీడియోలోకీ వచ్చేసరికి కొలత రాలిపోయి దాని చోట ఒక ముఖమో, ఒక వస్తువో మిగులుతుంది. ముఖం కనపడితే జాలి, వస్తువు కనపడితే మురిపెం. రెండిట్లోనూ లెక్క ఉండదు.

పిక్క ప్రయాణం, చేతి ప్రయాణం

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్ల మీద యూట్యూబ్‌లో వీడియోలకి కొదవ లేదు. దాదాపు అన్నిటిదీ ఒకే వరస. ఎండలో ఆరబోసిన జీడి పిక్కల గుట్ట, బాయిలర్ ఆవిరి, కటింగ్ మిషన్ల టకటక, ట్రేలలో బోర్మాలోకి (వేడిగాలితో ఆరబెట్టే గదిలోకి) వెళ్లే పప్పు, చివర్న తెల్లటి గుండు పప్పు గుప్పెడు నోట్లో పోసుకునే యాంకర్, ఆపైన కిలో ధర. మిషన్ ముందు కూర్చున్న ఆడవాళ్లు అన్ని షాట్లలోనూ ఉంటారు, మాట్లాడేది మాత్రం యజమాని. వీడియో పిక్క వెంట నడుస్తుంది, చేతి వెంట నడవదు.

చేతి వెంట నడిస్తే తెలిసే సంగతులు వేరు. పిక్కని ఆవిరికి ఉడికించాక చల్లారి పెంకు పెళుసెక్కే దాకా, మామూలుగా ఒక రాత్రి, వదిలేయాలి. ఆర్డరు తొందరలో వెచ్చగా ఉండగానే కటింగ్‌కి పంపితే పెంకు రబ్బరులా సాగుతుంది, బ్లేడు పప్పులోకి దిగుతుంది. ఉడుకు తక్కువైతే పప్పు పెంకుని వదలదు. ఎక్కువైతే పెంకు నూనె లోపలికి ఎక్కి పప్పు మీద మచ్చ పడుతుంది. కటింగ్ అయ్యాక పొట్టుతో ఉన్న పప్పుని బోర్మాలో 70 డిగ్రీల దరిదాపుల్లో ఆరెనిమిది గంటలు ఆరబెడతారు. తేమ మూడు నాలుగు శాతానికి దిగితేనే పొట్టు సులువుగా ఊడుతుంది. చాలకపోతే పొట్టు పప్పుని పట్టుకునే ఉంటుంది, చాకుతో గీరాలి, గీరితే గీత పడుతుంది. మరీ ఆరితే వేలు తగలగానే రెండు బద్దలు.

ఇప్పుడు రేటు సంగతి. కటింగ్‌కీ, పొట్టు తీతకీ ఎక్కువగా కిలో లెక్కన కూలి. గుండుగా వచ్చిన పప్పుకున్న విలువ బద్దకి లేదు, బద్దకున్న విలువ ముక్కకి లేదు. ముక్క ఎక్కువైతే ఆ నష్టం పొట్టు తీసే మనిషి లెక్కలో కోతగా దిగే పద్ధతి ఉన్న చోట ఎవరి తప్పుకి ఎవరు కడుతున్నారో చూడండి. ఉడుకు చూసింది బాయిలర్ మనిషి, చల్లారకుండానే పంపమన్నది సూపర్‌వైజర్, బోర్మా మంట మీద ఆమెకి అధికారం లేదు. మూడు చోట్ల జరిగిన పొరపాటు నాలుగో చోట, చాకు పట్టుకున్న ఆమె కిలోలో తేలుతుంది. వీడియోలో యజమాని పనితనం చేతిలో ఉంటుందని గర్వంగా చెప్పే మాట నిజమే. ముక్కకి నింద కూడా ఆ చేతికే పోతుందన్నది దాని రెండో సగం.

కిలో లెక్కలో ఇంకో చిక్కుంది. గ్రేడులో అంకె పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. డబ్ల్యూ-180 అంటే పౌనుకి 170 నుంచి 180. డబ్ల్యూ-320 అంటే 300 నుంచి 320. డబ్ల్యూ-450 అంటే 400 నుంచి 450. కిలోకి మారిస్తే డబ్ల్యూ-180లో దాదాపు 390 గుండ్లు, డబ్ల్యూ-450లో 990 దాకా. పొట్టు తీసేది గుండుకొక్కసారి, కూలి కిలోకి. చిన్న పిక్క లాటు వచ్చిన రోజున అదే కిలోకి రెండింతలకి మించి చాకు తిప్పాలి. గ్రేడింగ్ జరిగేది పొట్టు తీశాక కాబట్టి ముందే పిక్కని జల్లెడ పట్టి సైజులు విడదీసే యూనిట్లలో తప్ప ఈ తేడాని రేటులోకి తెచ్చే వీలు తక్కువ. విదేశీ పిక్కకీ ఉద్దానం పిక్కకీ సైజు తేడా గురించి వ్యాపార వార్తలు రాస్తాయి. ఆ తేడా ఎవరి మణికట్టు మీద పడుతుందో రాయవు.

పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్ ఉంటాయి. చర్మం మీద పడితే కాలుతుంది, నల్లబడుతుంది, పొరలుగా ఊడుతుంది. వేళ్లకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చోవడం పాత అలవాటు. గ్లోవ్స్ ఎందుకు వేసుకోరని వీడియోల కింద కామెంట్లు పడుతుంటాయి, ఎక్కువ భాగం తినేవాడి శుభ్రత గురించే. గ్లోవ్ వేసుకుంటే వేలికి పిక్క అంచు తెలియదు, వేగం తగ్గుతుంది, సాయంత్రానికి కిలోలు తగ్గుతాయి. ముక్క రేటు పనిలో, అంటే చేసినంత పనికే కూలి కట్టే చోట, రక్షణ పరికరం ఖరీదు గ్లోవ్ ధర కాదు, తగ్గిన కిలోలు. దాన్ని భరించేది ఎవరో తేల్చకుండా ఉచితంగా గ్లోవ్స్ పంచిన ఫొటో వేస్తే అవి వారం తిరక్కుండా మూలన పడతాయి.

పిక్క ధర మీద మాత్రం పత్రికలకి పట్టు ఉంది. 2023లో ఉద్దానం రైతులు 80 కిలోల బస్తాకి రూ.16 వేలు ఇవ్వాలని ఆందోళన చేసినప్పుడు రోజూ వార్త వచ్చింది, అంకెలతో సహా. రైతుకీ వ్యాపారికీ మధ్య కొలత స్పష్టంగా ఉంది కాబట్టి రాయడం తేలిక. ఆ బస్తాలోంచి నాణ్యతను బట్టి 20 నుంచి 24 కిలోల పప్పు వస్తుంది. బజారులో పప్పు ధర అందరికీ తెలుసు. ఈ రెండు ధరల నడుమ కటింగ్‌కి ఎంత, పొట్టు తీతకి ఎంత, గ్రేడింగ్‌కి ఎంత పోతుందన్న మూడు అంకెలు వేస్తే పాఠకుడికి మొత్తం పరిశ్రమ అర్థమవుతుంది. ఆ మూడే ఉండవు.

చట్టం వైపు నుంచి చూస్తే ముక్క రేటు పనివాళ్లకి కూడా రోజు కనీస వేతనం కంటే తక్కువ రాకూడదు. ఆ వేతనంలో కరువు భత్యం భాగం ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న, మారుతుంది. కిలో రేటుని ఒక రోజులో సగటు మనిషి తీయగల కిలోలతో గుణించి, వచ్చినదాన్ని కార్మిక శాఖ కనీస వేతన ఉత్తర్వులో అంకె పక్కన పెట్టాలి. అంతే లెక్క. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకొచ్చినప్పుడు '29 చట్టాలు పోయి 4 కోడ్‌లు' అన్న వార్త అన్ని చోట్లా పడింది. కిలో రేటు మనుషులకి అందులో ఏం మారిందో, ఏం మారలేదో చెప్పిన జిల్లా పేజీ కోసం వెతుక్కోవాలి.

వాలుగ దవడ

పొందూరు ఖాదీ సంగతి దీనికి తలకిందులు. ఇక్కడ కెమెరా చేతిని వదలదు. ఆగస్టు 7న చేనేత దినోత్సవానికీ, అక్టోబరు 2కీ ముడతలు పడ్డ వేళ్లు, రాట్నం, వాలుగ చేప దవడ ఎముక తెర నిండా కనిపిస్తాయి. ఆ దవడ ముచ్చట నిజంగా చెప్పుకోదగ్గదే. దాని సన్నటి పళ్లతో పత్తిని దువ్వితే నలక పోయి పోగులు ఒక దారిన పడతాయి. తర్వాత చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, విల్లుతో ఏకి దూది చేస్తారు, ఏకులు చుట్టి ఎండిన అరటి డవ్వలో దాస్తారు, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. నూరు కౌంటు (నూలు సన్నదనానికి కొలత) నూలంటే గ్రాముకి దాదాపు 170 మీటర్లు. పత్తిలో తేమ ఎక్కువైనా, ఏకులో ఒక్క నలక మిగిలినా అక్కడ పోగు తెగుతుంది. తెగిన ప్రతిసారీ రాట్నం ఆపి అతకాలి.

వడికేవాళ్లకి కూలి చిలపకి, అంటే వెయ్యి మీటర్ల నూలు చుట్టకి. 2025 ఏప్రిల్ నుంచి చరఖా మీద వడికిన చిలపకి కూలిని రూ.12.50 నుంచి రూ.15కి పెంచుతున్నట్టు ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ప్రకటించింది. వార్త '20 శాతం పెంపు' అని వచ్చింది. 20 శాతం పెద్దగా వినిపిస్తుంది. పది చిలపలు వడికితే రూ.150, ఇది ఇంకో విధంగా వినిపిస్తుంది. పది చిలపలంటే పది కిలోమీటర్ల నూలు. బహుళ కదుళ్ల చరఖా మీద అది ఒక రోజు పని కావచ్చు, ఒంటి కదురు మీద సన్న నూలు తీసే మనిషికి కాదు. పైగా దువ్వడం, గింజ తీయడం, ఏకడం చిలపలో కనపడని గంటలు. ఏకులు సిద్ధం చేసుకునే పనికి విడిగా ఎంత వస్తుందన్నది అడగని ఇంటర్వ్యూలో మొత్తం పొద్దులో సగం మాయమవుతుంది.

వారసత్వ కళ అని పొగిడే కథనాల చివర్లో ఒక వాక్యం దాదాపు ఖాయంగా ఉంటుంది: కొత్త తరం ఈ పనిలోకి రావడం లేదు. ఆసక్తి లేక అన్నట్టు రాస్తారు. చిలప లెక్క ముందే రాసి ఉంటే ఆ వాక్యం రాయక్కర్లేదు. బుడితి ఇత్తడి పని మీద, బొబ్బిలి వీణ మీద వచ్చే కథనాలదీ ఇదే తీరు కాబట్టి వాటి గురించి వేరుగా చెప్పేదేమీ లేదు.

పరిహారం ప్రకటించారు

పని వార్తయ్యే ఇంకో సందర్భం ప్రమాదం. పైడిభీమవరం పారిశ్రామికవాడ కావచ్చు, ఫెర్రో అల్లాయ్ కొలిమి కావచ్చు, జూట్ మిల్లు కావచ్చు, టెక్కలి గ్రానైట్ క్వారీ కావచ్చు. వార్త నడక ఒకటే. ప్రమాదవశాత్తు మృతి, గేటు ముందు బంధువుల ఆందోళన, పెద్దల సమక్షంలో చర్చలు, యాజమాన్యం ఇన్ని లక్షల పరిహారం ప్రకటించింది, ఆందోళన విరమణ. ప్రకటించింది అన్న మాటతో చట్ట ప్రకారం చెల్లించాల్సిన బాకీ దానంలా మారిపోతుంది.

లెక్క ఇది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, ఇప్పుడు దాని చోటికొచ్చిన సామాజిక భద్రతా కోడ్ పెట్టిన సూత్రం: మరణమైతే నెల వేతనంలో సగాన్ని వయసుకి తగ్గ గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లకి గుణకం 207.98, 40 ఏళ్లకి 184.17. లెక్కలోకి తీసుకునే వేతనానికి 2020 జనవరి నుంచి ఉన్న పరిమితి నెలకి రూ.15,000. అంటే 30 ఏళ్ల మనిషికి, నెల జీతం రూ.15,000 అయితే, 7,500ని 207.98తో గుణిస్తే రూ.15,59,850. గేటు దగ్గర ఐదు లక్షలకో ఎనిమిది లక్షలకో చర్చలు ఫలించాయని రాసిన వార్త పక్కన ఈ అంకె ఉంటే చదివేవాడికి ఇంకో రకం ప్రశ్న పుడుతుంది. రిజిస్టరులో జీతం తక్కువ చూపిస్తే ఏమవుతుందో కూడా చూడాలి. కాగితం మీద రూ.9,000 అని ఉంటే అదే వయసుకి రూ.9,35,910 మాత్రమే. తేడా ఆరు లక్షల పైచిలుకు. చేతికిచ్చే కూలీ, కాగితం మీద కూలీ వేరుగా ఉండే కాంట్రాక్టు పనిలో ఇది చిన్న విషయం కాదు.

మరణ పరిహారాన్ని యజమాని నేరుగా కుటుంబం చేతిలో పెడితే చెల్లదు, పరిహారం తేల్చే అధికారి దగ్గర జమ చేయాలి. నెలలోపు చేయకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆలస్యం చేస్తే సగం దాకా జరిమానా. పోయిన మనిషి కాంట్రాక్టరు మనిషే అయినా అసలు యాజమాన్యం తప్పుకోలేదు, ముందు కట్టి తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ఈఎస్ఐ బీమా ఉన్న కార్మికుడైతే దారి వేరు. కుటుంబానికి సగటు వేతనంలో 90 శాతం నెలనెలా పింఛనుగా వస్తుంది, పై సూత్రం వర్తించదు. కాబట్టి ప్రమాద వార్తకి కావలసినవి మృతుడి వయసు, రిజిస్టరులో వేతనం, ఈఎస్ఐ ఉందా లేదా, ఎవరి పేరోలు మీద ఉన్నాడు. మొదటిది ఎప్పుడూ ఉంటుంది. మిగిలిన మూడూ దాదాపు ఎప్పుడూ ఉండవు.

కారణం రాసే తీరూ అంతే. 'రియాక్టర్ పేలి' అంటే పేలింది రియాక్టరే, మనుషుల ప్రమేయం లేదు. ద్రావకం ఉన్న రియాక్టరులోకి మ్యాన్‌హోల్ గుండా పొడి పోసేటప్పుడు స్థిర విద్యుత్ పుట్టి రవ్వ రావడం, ఎర్తింగ్ వైరు ఊడి ఉండటం, ముందుగా నైట్రోజన్ నింపకుండా మూత తీయడం వంటివి మందుల పరిశ్రమలో తెలిసిన కారణాలే. ఆ మూత దగ్గర నిలబడేది ఎక్కువగా ఎవరు, షిఫ్టులో ఎన్నో గంటలో ఉన్నారు అని అడిగితే వార్త పరిశ్రమ లోపలికి వెళ్తుంది. మంటల వీడియో గేటు బయటే ఆగిపోతుంది.

సమ్మె విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మె చేశారు, జనవరి 6న ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించింది. కార్యకర్తకి అప్పటికి నెలకి రూ.11,500, ఆయాకి రూ.7,000. ఆ రోజుల్లో పత్రికలు ఎన్ని కేంద్రాలు మూతపడ్డాయో, పిల్లల తూకాలు, బాలింతల సరుకులు, ప్రీస్కూలు ఏమయ్యాయో వివరంగా రాశాయి. ఆమె రోజూ ఏం చేస్తుందో జిల్లా పాఠకుడికి అంత వివరంగా తెలిసింది ఆమె మానేసిన ఆ 42 రోజుల్లోనే.

సముద్రం మీద సినిమా

ఈ ప్రాంతపు శ్రమ వెండితెర దాకా ఎక్కిందంటే అది సముద్రం పుణ్యమే. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లిన మన జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ చేతికి చిక్కడం, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదల కావడం వార్తయింది, తర్వాత సినిమా కథకి దినుసయింది. జైలు, ప్రేమ, దేశభక్తి ఇవన్నీ కథకి పనికొస్తాయి. పనికిరానిది అడ్వాన్సు. ఆగస్టు దరిదాపుల్లో మొదలయ్యే సీజనుకి ముందే చేతికి కొంత డబ్బు వస్తుంది, వేసవి దాకా ఆ బోటుకి కట్టుబడి ఉండాలి, మధ్యలో వచ్చేస్తే బాకీ. బోటు నడిపే తండేలుకొక జీతం, అతని కింద పనిచేసే కళాసీకొక జీతం. వల దింపి మూడు నాలుగు గంటలు ఈడ్చి ఎత్తడం, చేప ఏరడం, మళ్లీ దింపడం రాత్రీ పగలూ సాగుతుంది కాబట్టి నిద్ర ముక్కలు ముక్కలుగానే. రాష్ట్రంలో అన్ని జిల్లాల్లోకీ పొడవైన తీరం, దాదాపు 193 కిలోమీటర్లు, శ్రీకాకుళానిదే అయినా ఇక్కడి మనిషి అరేబియా సముద్రానికి ఎందుకు పోతాడన్న ప్రశ్నకి జవాబు హార్బరు, జెట్టీ, ఐస్ ప్లాంటు, కొనేవాడు. అవి తెర మీద అందంగా ఉండవు, నిజమే. రెండున్నర గంటల్లో ఒక్కసారి అడ్వాన్సు కాగితం చూపించినా కథకి నష్టం లేదు.

రాసేవాడి రేటు

ఇదంతా విలేకరుల బద్ధకం అనుకుంటే పొరపాటు. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు తెచ్చాక తెలుగు పత్రికలు మండలానికో కంట్రిబ్యూటర్‌ని పెట్టుకున్నాయి. అతను ఉద్యోగి కాడు. అచ్చయిన వార్తని సెంటీమీటర్లలో కొలిచి నెలకోసారి లైన్ అకౌంట్ ఇస్తారు. అంటే జీడి కిలో గురించి రాయాల్సిన మనిషి తానే ముక్క రేటు మీద బతుకుతున్నాడు. సన్మాన సభకి పోతే గంటలో ఫొటోతో పన్నెండు సెంటీమీటర్లు. కిలో రేటు, రిజిస్టరు వేతనం తేల్చాలంటే నాలుగుసార్లు తిరగాలి, వచ్చేదీ అదే పన్నెండు సెంటీమీటర్లు, అదీ డెస్కు కోయకపోతే. పత్రికా ఉద్యోగుల కోసం మజీఠియా వేజ్ బోర్డు సిఫారసులు 2011 నవంబరులో నోటిఫై అయ్యాయి, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. లైన్ అకౌంట్ మనిషికి ఆ తీర్పుతో ఆచరణలో ఒరిగింది లేదు.

ఇంకో పక్క ప్రకటనల భారం ఉంది. సంక్రాంతి, ఉగాది, పత్రిక వార్షికోత్సవం వస్తే కంట్రిబ్యూటర్ ప్రకటనలు తేవాలి. వాటి మీద కమీషన్ చాలామందికి లైన్ అకౌంట్ కంటే మెరుగు. చిన్న ఊళ్లో ప్రకటన ఇవ్వగలిగింది యూనిట్ యజమాని, కాంట్రాక్టరు, ప్రైవేటు కాలేజీ, నాయకుడు. పొట్టు తీసే ఆమె శుభాకాంక్షలు వేయించదు. యూట్యూబర్‌కి ఈ బంధం లేదనిపిస్తుంది కాని అతనికి అనుమతి బంధం ఉంది. యజమాని సరేనంటేనే కెమెరా షెడ్డులోకి వస్తుంది, ఆ మర్యాదకి బదులుగా వీడియో చివర్న ఫోన్ నంబరు పడుతుంది. షెడ్డులో ఆడవాళ్లని కూలి ఎంత అని అడిగితే సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉంటాడు. అప్పుడొచ్చే జవాబు 'బాగానే ఇస్తారు'.

అందుకే అడిగే చోటు మార్చడం మేలు. షిఫ్టు విడిచాక ఆటో కోసం నిలబడ్డ చోట, షెడ్డుకి దూరంగా, అడగాల్సినవి నాలుగే: కిలోకి ఎంత, నిన్న ఎన్ని కిలోలు వచ్చాయి, ముక్కకి ఎంత కోశారు, ఏడాదిలో ఎన్ని నెలలు పని ఉంటుంది. మనిషి పేరూ యూనిట్ పేరూ వేయక్కర్లేదు. వేర్వేరు యూనిట్ల నుంచి ఐదారుగురి అంకెలు దగ్గరగా వస్తే రేటు తేలినట్టే. తేలిన రేటుని కార్మిక శాఖ ఏప్రిల్, అక్టోబరు ఉత్తర్వులతో పోల్చి రాస్తే ఫొటోతో కలిపి పది సెంటీమీటర్లకి మించదు.